పన్నెండో చుట్టు

మే 28, ఆదివారం

గెలిచాడు. మా క్లిఫర్డ్ కార్ల పందెంలో ఫైనల్ గెలిచాడు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి వేసవీ ఆ ట్రాక్ మట్టిలో పొర్లాడి, కార్లు విరగ్గొట్టుకుని, ఒక్క ఫైనల్ కూడా గెలవని నా తమ్ముడు ఈ రోజు గెలిచాడు. ఎనభై మూడో నంబరు, మొదటి స్థానం. చుట్ల పట్టీలో నా చేత్తో నేనే రాశాను.

గెలిచినవాడికి గళ్ల జెండా ఇచ్చి ఒంటరిగా ఒక చుట్టు తిరగమంటారు కదా. క్లిఫర్డ్ ఆ చుట్టు మధ్యలో కారు ఆపేసి, కప్పు మీదికెక్కి నిలబడ్డాడు. నలభై నాలుగేళ్ల మనిషి, రోజూ బొగ్గు లారీ తోలే మనిషి, జెండాతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు. జనం చప్పట్లే చప్పట్లు. రెండో మలుపు దగ్గర కూర్చున్నవాళ్లు మాత్రం ఎందుకో ఈలలేసి గోల చేశారు. వాళ్లెప్పుడూ అంతే. ఒకడు బాగుపడితే ఓర్వలేని జాతి.

రెండో స్థానం ఏమస్ డ్రూరీది, రెండొందల పదహారో నంబరు. లింకన్‌షైర్ నుంచి వస్తాడు, పందులు పెంచుతాడు. ఓడినవాడు వచ్చి గెలిచినవాడికి చెయ్యివ్వడం మర్యాద. రాలేదు. కారు ట్రైలరెక్కించుకుని వెళ్లిపోయాడు.

చుట్లు రాసే గదిలో నా పక్కన కూర్చునే మేవిస్ కూడా టీ తాగకుండానే వెళ్లిపోయింది. తలనొప్పట.

మే 30

మేవిస్‌కి ఫోన్ చేశాను. పలకరించానంతే. "రాసిందేదో రాశావు హిల్డా, ఇంక దాన్ని కెలక్కు" అంది. నేనేం అడగలేదు కూడా.

జూన్ 3, శనివారం

పోస్టులో కొత్త జాబితా వచ్చింది. క్లిఫర్డ్‌కి ఎరుపు!

కారు కప్పు రంగే ఇక్కడ మనిషి పరపతి. కొత్తవాడికి తెలుపు, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆ పైన ఎరుపు. ఎరుపు కప్పువాళ్లని అందరికన్నా వెనక వరసలో నిలబెడతారు, మందిని చీల్చుకుని ముందుకి రండి చూద్దాం అని. క్లిఫర్డ్ పదకొండేళ్లు నీలంలో ఉన్నాడు. "నిన్ను నీలం కప్పు కిందే పాతిపెడతార్రా" అనేవాడు మా నాన్న, పోయేదాకా.

పొద్దుటి నుంచీ పెరట్లో బ్రష్షు పట్టుకుని కూర్చున్నాడు. ఒక పూత సరిపోతుందంటే వినడు, మూడు పూతలు వేశాడు. సందులో పోయేవాళ్లందరినీ పిలిచి చూపించాడు. పాలవాడినీ వదల్లేదు.

"అక్కా, ఇటు రా. ఇక్కణ్ణుంచి చూడు. పైన మీ గదిలోంచి చూస్తే ఎలా ఉంటుందంటావు?"

"ఎర్రగా ఉంటుంది."

"నీకు రసజ్ఞత లేదే" అని నవ్వాడు. వాడి భార్య పోయిన ఈ ఆరేళ్లలో వాడు ఇలా నవ్వడం నేను చూడలేదు. ఇంకేం కావాలి నాకు?

జూన్ 11, ఆదివారం

ఎర్ర కప్పుతో మొదటి రోజు. మూడో చుట్టులోనే డ్రూరీ వెనకనుంచి వచ్చి క్లిఫర్డ్‌ని కంచెలోకి తోసేశాడు. గుద్దడం ఈ ఆటలో తప్పు కాదు, అందుకేగా ఆ బంపర్లు. కానీ ఎవడైనా దాటిపోవడానికి గుద్దుతాడు. డ్రూరీకి దారి ఖాళీగానే ఉంది. కావాలని ఆగి, క్లిఫర్డ్ వచ్చేదాకా చూసి మరీ తోశాడు. తన రేసు కూడా పాడుచేసుకున్నాడు.

క్లిఫర్డ్ తేలిగ్గా తీసుకున్నాడు. "ఎరుపు చూస్తే ఎద్దుకు తిక్కరేగుతుందంటారు. పందులవాడికీ రేగుతుందని ఇప్పుడే తెలిసింది" అని అందరినీ నవ్వించాడు.

నేనూ నవ్వాను.

జూన్ 12

నేను చూసిందే రాశాను. మేవిస్ నంబర్లు పిలుస్తుంది, నేను రాస్తాను. పదహారేళ్లుగా ఆ చెక్క గదిలో పక్కపక్కన కూర్చుని ఇదే పని. ముప్ఫై కార్లు ఒకదాని మీద ఒకటి పడుతూ పోతుంటే ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో డ్రైవర్లకే తెలీదు. మా పట్టీ చూసే జెండా ఊపుతారు. ఇన్నేళ్లలో ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఆ రోజు దుమ్ము ఎక్కువగా ఉంది. వానలు లేవు కదా, దుమ్ము.

జూన్ 25, ఆదివారం

రెండు పక్కటెముకలు.

మళ్లీ డ్రూరీయే. ఈసారి నాలుగో మలుపులో, గేటు స్తంభం దగ్గర. కారు పక్కకి తిరిగి స్తంభాన్ని కొట్టుకుంది. ఆస్పత్రిలో క్లిఫర్డ్ పక్కన కూర్చున్నాను. ఊపిరి పీల్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు. వీపు మీద అట్లకాడంత గాయం.

పందేలు నడిపే స్టీవార్డు హార్‌గ్రీవ్స్ డ్రూరీని పిలిచి, నీ గొడవేమిటయ్యా అని అడిగాడట. "ఏం గొడవ లేదు" అన్నాడట వాడు.

"నువ్వెళ్లి ఫిర్యాదు చెయ్యి క్లిఫర్డ్" అన్నాను.

"ఆఫీసుకెళ్లి చాడీలు చెప్పనా? బళ్లో పిల్లాడిలా? రేపు కార్లు నిలిపే పిట్స్‌లో ఎవడైనా నా మొహం చూస్తాడా? ట్రాక్ మీద జరిగింది ట్రాక్ మీదే తేలాలి అక్కా. అయినా వాడికి నా మీద ఏమిటో! నేను వాడికి ఏం చేశానని?"

దిండు సర్దాను.

జూన్ 29

క్లిఫర్డ్ మాత్ర వేసుకుని నిద్రపోయాడు. రాసేస్తాను. నా పుస్తకంలో కూడా అబద్ధమాడితే ఇంక నిజం చెప్పుకునే చోటు నాకెక్కడుంది?

దుమ్ము లేదు. ముందు రోజు ట్రాక్ తడిపారు.

పన్నెండో చుట్టు. క్లిఫర్డ్ అందరికన్నా ముందున్నాడు, డ్రూరీ వాడి వెనక. రెండో మలుపులో ఎవడో పసుపు కప్పువాడు గిర్రున తిరిగి అడ్డం పడ్డాడు. క్లిఫర్డ్ వాణ్ణి గుద్ది, ఎగిరి, కంచెకి వీపు ఆనించి ఆగిపోయాడు. పొగ లేచింది. మేవిస్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని లేచి నిలబడిపోయింది, నంబర్లు పిలవలేదు. నేను కళ్లు మూసుకున్నాను.

కళ్లు మూసుకునే రాశాను. ఎనభై మూడు. వాడు రావాలి, వాడు రావాలి అనుకుంటుంటే చెయ్యి దానంతటదే రాసింది. అది లెక్క కాదు, మొక్కు.

కళ్లు తెరిచేసరికి పొగ లేదు. ఒట్టి నీటి ఆవిరే. అందరూ దాటిపోయారు. క్లిఫర్డ్ ఇంజను మళ్లీ స్టార్ట్ చేసుకుని ట్రాక్ మీదికి వచ్చేసరికి, డ్రూరీ ఇంకో చుట్టు తిరిగి వాడి వెనక్కి వచ్చేశాడు. చూసేవాళ్లకి మునుపటిలాగే ముందు క్లిఫర్డ్, వెనక డ్రూరీ. నిజానికి క్లిఫర్డ్ ఒక చుట్టు వెనకబడ్డాడు. పట్టీ మీద మాత్రం వాడు వెనకబడలేదు, నేను రాసిన ఆ ఒక్క ఎనభై మూడు వల్ల.

ఒక్క గీత గీస్తే పోయేది. ఇంకా ఎనిమిది చుట్ల టైముంది. గీయలేదు. ఆఖరి చుట్టుకి జెండావాడు టెలిఫోన్లో "ముందెవరు?" అని అడిగాడు. మేవిస్ నా మొహం చూసింది. "ఎనభై మూడు" అన్నాను.

చెయ్యి చేసింది పొరపాటే అనుకుందాం. నోరు చేసింది పొరపాటు కాదు.

క్లిఫర్డ్‌కి తెలీదు. తలకి దెబ్బ తగిలి, ఒక్క క్షణమే ఆగాననుకుంటున్నాడు. డ్రూరీకి తెలుసు. పక్కనుంచి పోతూ వాణ్ణి కళ్లారా చూశాడు. రెండో మలుపు వాళ్లకీ తెలుసు. వాళ్లనేమో ఓర్వలేని జాతి అని ఇదే పుస్తకంలో రాశాను.

జూన్ 30

చెప్తే వాడి ఎరుపు పోతుంది. పంతొమ్మిదేళ్లకి ఒక్కటి వచ్చింది, అదీ పోతుంది. నవంబర్లో సీజన్ అయిపోయాక చెప్పొచ్చు. డ్రూరీకి ఈలోగా కోపం చల్లారొచ్చు.

జూలై 1, శనివారం

చల్లారదు.

మధ్యాహ్నం టీ ఇద్దామని షెడ్డులోకి వెళితే, క్లిఫర్డ్ ముందు బంపర్ లోపల రైలు పట్టా ముక్క పెట్టి అతుకుతున్నాడు. ఎముకలకి కట్టు, నోట్లో సిగరెట్టు, చేతిలో వెల్డింగు మంట.

"అది రూల్సుకి విరుద్ధం కదా?"

"కనిపిస్తే కదా విరుద్ధం." మొహం ఎత్తకుండానే అన్నాడు. "తొమ్మిదో తేదీన ఆ స్తంభం దగ్గరే, అదే మలుపులో, పక్కనుంచి పొడుస్తాను. ఆస్పత్రి మంచం ఎలా ఉంటుందో వాడూ చూడాలిగా."

వాడు చిన్నప్పుడు కుక్కపిల్ల కాలు తొక్కితే రెండ్రోజులు అన్నం తినలేదు. ఆ మనిషేనా ఇలా మాట్లాడుతున్నది అనిపించింది. వాణ్ణి ఇలా చేసింది డ్రూరీ కాదు, నేను. టీ కప్పు బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను, ఆగితే మళ్లీ నోరు రాదని.

మంట ఆర్పేశాడు. "నేనెంతసేపు ఆగిపోయి ఉన్నాను?" అన్నాడు.

"అందరూ దాటిపోయి, డ్రూరీ మళ్లీ చుట్టి వచ్చేంతసేపు."

"నాకు రెప్పపాటు అనిపించింది."

"తెలుసు."

"కారెక్కి నిలబడ్డానే! జెండా పట్టుకుని. అంతమంది ముందు ఏడ్చానే!"

"తెలుసురా."

"నీకు తెలుసు. వాడికి తెలుసు. మేవిస్‌కి తెలుసు. కప్పుకి మూడు పూతలు వేసుకున్నవాడికి ఒక్కడికే తెలీదు." టీ కప్పు తీసి గోడకి కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. జాగ్రత్తగా నా చేతికిచ్చాడు. "వెళ్లు అక్కా. ఇక్కణ్ణుంచి వెళ్లు."

సాయంత్రం షెడ్డులోంచి ఇనుము కోస్తున్న చప్పుడు వినిపించింది, ఆ పట్టా ముక్క తీసేస్తున్నాడు.

జూలై 2

మాట్లాడలేదు.

జూలై 3

పొద్దున గుడ్డూ, పంది మాంసం వేయించిపెట్టాను. తిన్నాడు. ప్లేటు తనే కడుక్కున్నాడు. మాట్లాడలేదు.

జూలై 5

రంగు వాసన. వంటింటి కిటికీలోంచి చూశాను. కప్పు మీద నీలం పూస్తున్నాడు. ఎరుపు అంత తేలిగ్గా పోవడం లేదు, ఎన్నిసార్లు పూసినా కింద నుంచి ఊదాగా కనబడుతోంది. పాలవాడు ఆగి "ఇదేంటి, మళ్లీ నీలమా?" అన్నాడు. క్లిఫర్డ్ బ్రష్షు ముంచి మళ్లీ పూశాడు.

గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఏడ్చే హక్కు నాకుందా అంటే, లేదు. అయినా ఏడ్చాను.

జూలై 7

నేను పనిచేసే బడి వంటశాలలో బంగాళదుంపల ముద్ద మాడ్చాను. మూడొందల మంది పిల్లలు తిట్టుకుంటూ తిన్నారు.

క్లిఫర్డ్‌కి చెప్పేస్తే భారం దిగుతుందనుకున్నాను. దిగలేదు. నేను దొంగిలించింది వాడి దగ్గర కాదు కదా.

జూలై 9, ఆదివారం

క్లిఫర్డ్ నన్ను పిలవకుండానే కారు ట్రైలరెక్కించుకుని వెళ్లిపోయాడు. బస్సులో వెళ్లాను.

ముందు హార్‌గ్రీవ్స్ దగ్గరికి. విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫలితం నోటీసు పెట్టాక అరగంటే గడువు హిల్డా. ఆరు వారాలైంది. దేవుడొచ్చి చెప్పినా మార్చలేను."

"మార్చకపోతే పోనీండి. నన్నేం చెయ్యాలో అది చెయ్యండి."

"నిన్నేం చెయ్యను? నీకిచ్చేది రెండు కప్పుల టీ. అది ఆపమంటావా?" కళ్లజోడు పెట్టుకుని మళ్లీ అన్నాడు. "మీ తమ్ముడు పొద్దున్నే వచ్చి నీలం వరసలో నిలబెట్టమన్నాడు. జాబితాలో ఎరుపుందయ్యా అంటే, నా కప్పు నా ఇష్టం అన్నాడు. కిందికి దించితే గోల చేసినవాళ్లని చూశాను గానీ, తనంతట తను దిగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

తర్వాత పిట్స్‌కి. పదహారేళ్లలో నేను అక్కడ అడుగుపెట్టలేదు. చుట్లు రాసేవాళ్లు డ్రైవర్లతో కలవకూడదని పద్ధతి. ఆ పద్ధతి పాటించినంత మాత్రాన ఏం ఒరిగింది! డ్రూరీ తన ట్రైలరు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. పెద్దమనిషి, ఎర్రటి చేతులు. నన్ను చూసి నమలడం ఆపాడు.

"నేను తప్పు రాశాను. ఆ ఫైనల్ నీదే" అన్నాను. ఇంకా చాలా అనుకుని వెళ్లాను. అంతే వచ్చింది.

"అది నాకు చెప్తున్నావా అమ్మా? నేను అక్కడే ఉన్నా."

"నా తమ్ముడికి తెలీదు. పోయిన వారం దాకా వాడికి ఏమీ తెలీదు. ఎందుకు గుద్దుతున్నావో కూడా తెలీకుండా గుద్దించుకున్నాడు."

రొట్టె కింద పెట్టాడు. "ఇద్దరూ కలిసి చేశారనుకున్నా. అక్క రాస్తుంది, తమ్ముడు గెలుస్తాడు అనుకున్నా." చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నిన్ను గుద్దలేను కదమ్మా. ఆ చెక్క గది కదలదు. అందుకని వాణ్ణి గుద్దా."

"ఫిర్యాదు చెయ్యాల్సింది."

"చేస్తే? పందులవాడు వెళ్లి ఆఫీసులో ఏడ్చాడంటారు. నాకూ పద్నాలుగేళ్లయింది ఈ మట్టి తింటూ. ఒక్కటీ గెలవలా. గెలిచినప్పుడేమో ఎవరికీ తెలీదు, నాకూ మా పందులకీ తప్ప."

పద్నాలుగేళ్లు. నా తమ్ముడి పంతొమ్మిదేళ్లే నాకు కనబడ్డాయి. అవతలివాడికీ ఏళ్లుంటాయని తట్టనే లేదు. అక్కణ్ణుంచి తిన్నగా ప్రకటనలు చెప్పే మైకు దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పాను, ఏ తేదీయో చెప్పాను, పన్నెండో చుట్టు సంగతి చెప్పాను. "ఆ ఫైనల్ గెలిచింది ఏమస్ డ్రూరీ. కావాలనే సరిదిద్దలేదు. నా తమ్ముడికి తెలీదు, నాకు తెలుసు" అన్నాను.

అంత మంది జనం చప్పుడు చెయ్యకుండా ఉండడం ఎప్పుడూ వినలేదు. తర్వాత రెండో మలుపు నుంచి ఒకడు "కళ్లజోడు కొనుక్కోవే ముసలీ!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నాకు నలభై తొమ్మిదే. అయినా ఆ నవ్వుకి ప్రాణం కుదుటపడింది. హార్‌గ్రీవ్స్ ఒక గళ్ల జెండా పట్టుకెళ్లి డ్రూరీకిచ్చాడు. పట్టీ మార్చలేను గానీ జెండా ఊపడానికి గడువేం లేదన్నాడు. డ్రూరీ ఒంటరిగా ఒక చుట్టు తిరిగాడు. కప్పెక్కలేదు, ఏడవలేదు. నిదానంగా, పందుల్ని సంతకి తోలుకెళ్లినట్టు తిరిగాడు. రెండో మలుపు వాళ్లు లేచి నిలబడ్డారు.

సంచీ తీసుకుని ఇంటికి బయల్దేరబోతే మేవిస్ చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే?"

"ఇంకా ఎలా కూర్చుంటానే అక్కడ?"

"మరి ఎవరు కూర్చుంటారు? ఈ దుమ్ములో, ఈ మట్టిలో, రెండు కప్పుల టీకి? వరస కట్టి నిలబడ్డారా జనం? కూర్చో. ఆ రోజు నోరు మూసుకున్నది నేను కాదా? నువ్వొక్కదానివే పుణ్యాత్మురాలివైపోదామనుకుంటున్నావా?"

కూర్చున్నాను.

ఫైనల్‌లో ఇద్దరూ నీలం వరసే, పక్కపక్కనే. పదిహేనో చుట్టుకి క్లిఫర్డ్ అందరికన్నా ముందుకొచ్చాడు. డ్రూరీ వాడి వెనక. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఆఖరి చుట్టు ఆఖరి మలుపులో వెనకున్నవాడు ముందున్నవాణ్ణి గుద్దాలి, అదీ ఇక్కడి పద్ధతి. గుద్దకుండా వదిలేస్తే, నిన్ను గుద్దేంత సరుకు నీలో లేదన్నట్టు. గుద్దుతాడని క్లిఫర్డ్‌కి తెలుసు. ఎలా గుద్దుతాడో ఎవరికీ తెలీదు. ఆ మలుపు చివరే స్తంభం.

కళ్లు మూసుకోవాలనిపించింది. దేవుడా, ఎంత అనిపించిందో! కుడిచేత్తో పెన్సిల్ పట్టుకుని, ఎడంచేత్తో బల్ల అంచు పట్టుకుని, రెప్ప కొట్టకుండా చూశాను.

డ్రూరీ గుద్దాడు. వెనక బంపర్ మూల మీద, ఒక్క దెబ్బ, గట్టిగా, శుభ్రంగా. క్లిఫర్డ్ కారు ఒక కారు వెడల్పు పక్కకి జారింది, అంతే. స్తంభానికి ఇంకా గజాల దూరంలో ఉంది. లోపలి వైపు సందు దొరికింది, డ్రూరీ దూరిపోయాడు.

"రెండొందల పదహారు" అంది మేవిస్. ఆగింది. "ఎనభై మూడు."

అలాగే రాశాను. టెలిఫోన్లో అడిగితే అలాగే చెప్పాను.

కిందికి చూస్తే క్లిఫర్డ్ కారులోంచి దిగి, పక్కటెముకలు పట్టుకుని డ్రూరీ కారు దగ్గరికి నడుస్తున్నాడు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. డ్రూరీ ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, అడగను కూడా.

తిరిగొచ్చేటప్పుడు లారీ తలుపు తెరిచి పెట్టి నిలబడ్డాడు. ఎక్కాను.

ఇంటికొచ్చి మాంసం కూరిన రొట్టె వేడిచేసి, ఉడికించిన బఠాణీలు పెట్టాను. సగం తిన్నాక తలెత్తాడు.

"గుద్దినప్పుడు చూశావా?"

"చూశాను."

"కళ్లు మూసుకోలేదూ?"

"లేదు."

"నన్ను రెండో వాడిగా రాశావా?"

"రాశాను."

ఎనిమిది రోజులుగా అక్కా అననివాడు, "ఇంకాస్త వడ్డించు అక్కా" అన్నాడు.